టోపీ వాళ్లకి, ఎండ మనకి



ఎప్పుడూ మిర్చి రేటు గురించో, నకిలీ విత్తనాల గురించో రాసేవాణ్ణి, ఇవాళ టోపీల గురించి రాస్తున్నా. నవ్వుకోండి, పర్లేదు. కానీ సాంతం చదివినాక నవ్వండి. పోస్టు పొడుగైంది. మధ్యాన్నం చెట్టుకింద కూర్చున్నప్పుడు చదువుకోండి.

పోయిన ఎండాకాలం సంగతి. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నయ్. మా అన్న కొడుకు డిగ్రీ అయిపోయి ఇంటి దగ్గరే ఉన్నాడు. ఇరవై రెండేళ్లు. పని తప్పించుకునే పిల్లాడు కాదు. కాయలు తిరగేయడానికి వాడే వచ్చాడు. పన్నెండు దాటింది. పట్ట మీద కాలు పెడితే కాలిపోతంది. వాడి నెత్తిన నల్ల టోపీ, అదీ వెనక్కి తిప్పి పెట్టుకొన్నాడు. మా అన్న తన భుజం మీద తుండు తీసి, "ఇది తడిపి కట్టుకోరా" అన్నాడు. "అది కట్టుకుంటే ముసలోడిలాగా ఉంటా నాన్నా, ఫొటో కూడా తీసుకోడానికి ఉండదు" అన్నాడు వాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వా. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటానే ఉంది.

ఒంటిగంట దాటినాక వాడు ఏందేందో మాట్లాడటం మొదలుపెట్టాడు. చెమట ఆగిపోయింది. ఒళ్లు పెనంలాగా ఉంది. కల్లంలోనే కూలబడ్డాడు. ఆ నల్ల టోపీ తీసి చూస్తే నెత్తి చెయ్యి పెట్టనివ్వలేదు, అంత వేడి. మోసుకొచ్చి వేపచెట్టు కింద పడుకోబెట్టి, ఉన్న తుండ్లన్నీ నీళ్లలో ముంచి మెడమీద, చంకల్లో, గజ్జల్లో వేసి, ఆటోలో ఆస్పత్రికి తీసకపోయాం. పిల్లాడు బతికాడు. "ఎండదెబ్బ, ఇంకాసేపు ఆలస్యమైతే చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు డాక్టరు. వాణ్ణి ఆ దారిలో కాపాడింది ఏందో తెలుసా? వాడు నామోషీ అని వద్దన్న ఆ తుండే.

టోపీ ఒక్కటే వాణ్ణి పడేసిందని నేను అనను. నీళ్లు తాగలా, మిట్టమధ్యాన్నం పనిలో ఉన్నాడు, ఆ తప్పు పెద్దోళ్లం మాది. కానీ నెత్తిన నల్లగుడ్డ పెట్టుకొని, నీడనిచ్చే అంచుని వెనక్కి తిప్పుకొని, తడి తుండుని కాదనుకొన్నాడే, ఆ బుద్ధి వాడికి ఎక్కడనుంచి వచ్చింది? నా పేచీ దానితోనే.

ముందు ఆ టోపీ ఎక్కడిదో చెప్తా. ఒక కంపెనీ వాళ్లు రైతు సదస్సని పెట్టి, బిర్యానీ పెట్టి, మందు డబ్బాల బొమ్మలు చూపించి, పోతా పోతా మనిషికో టోపీ ఇచ్చిపోయారు. పేరు చెప్పను, అందరూ ఇచ్చేది అదే రకం. నల్లటి పాలిస్టరు, నుదుటి దగ్గర స్పాంజి, దానిమీద వాళ్ల మందు పేరు. గాలి పోదు, చెమట పీల్చదు. నల్ల రంగు ఎండని లాక్కుంటదని ఐదో తరగతి పిల్లోడికి తెలుసు. మన భాషలో "టోపీ పెట్టడం" అంటే అర్థం ఏందో మీకు నేను చెప్పక్కర్లేదు. మన పెద్దోళ్లు ఆ మాట ఊరికే పుట్టించలా.

ఇక వెనక్కి తిప్పడం ఎవర్ని చూసి నేర్చుకొన్నాడంటే, వాడి ఫోన్లో ఒక హీరో బొమ్మ. ఆ హీరో పేరు కూడా చెప్పను. ఆయన కూర్చుంది ఏసీ హాల్లో, రాత్రిపూట, నల్లటోపీ వెనక్కి తిప్పి, పైన మళ్లీ నల్ల కళ్లద్దాలు. నాకు ఒకటే అనుమానం. ఎండ లేని చోట టోపీ ఎందుకు? సరే పెట్టుకొన్నావు, అంచు ముందుకుంటే కళ్లకి నీడ, వెనక్కుంటే ఏందది? ఆ టోపీ అమెరికాలో బేస్‌బాల్ ఆడేవాళ్లది. పైకి లేచిన బంతి కోసం చూసేప్పుడు కళ్లలో ఎండ పడకుండా ముందుకు అంచు పెట్టారు. మన వికెట్ కీపరు లాగా బంతి పట్టే మనిషి ఒకడుంటాడు, క్యాచర్ అంటారు. మొహానికి ఇనప తొడుగు వేసుకోవాలి కాబట్టి వాడు టోపీ వెనక్కి తిప్పుకొంటాడు. అంటే తిప్పడానికీ ఒక పని ఉంది. మన హీరోకి బంతీ లేదు, తొడుగూ లేదు, ఎండా లేదు. ఉన్నదల్లా కెమెరా.

అప్పటినుంచి నాకు ఇదో పిచ్చి పట్టింది. పేరున్న మనుషులు ఎవరు కనపడ్డా ముందు నెత్తి చూస్తన్నా. చూసేకొద్దీ ఒకటి అర్థమైంది. టోపీ అందంగా ఉందా లేదా అన్నది టోపీలో లేదు. అది ఏ పనికి పుట్టిందో ఆ పని చేస్తుందా లేదా అన్నదాంట్లో ఉంది.

2014 జనవరిలో అమెరికాలో గ్రామీ అవార్డులిచ్చారు. ఫారెల్ విలియమ్స్ అని గొప్ప పాటగాడు, పాట బాగా పాడతాడు, కాదనను. ఆయన నెత్తిన ఒక టోపీ పెట్టుకొని వచ్చాడు. పైన బుడగలాగా ఉబ్బి, మధ్యలో నొక్కుకుపోయి, వరికుప్ప మీద వాన కురిస్తే కుంగినట్టు. అది వివియన్ వెస్ట్‌వుడ్ అనే ఇంగ్లండు ఆవిడ ఎనభైల మొదట్లో చేసిన రకం. ఊరూవాడా నవ్వారు. తర్వాత దాన్ని వేలం వేస్తే ఒక తిండి హోటళ్ల కంపెనీ 44,100 డాలర్లకి కొన్నది. అప్పటి లెక్కన పాతిక లక్షల పైమాటే. డబ్బు ధర్మానికి ఇచ్చారు, ఆ మేరకు దండం. కానీ హాలు లోపల, రాత్రిపూట, ఎండా వానా లేనిచోట పెట్టుకొన్న టోపీ విలువ మన ఊళ్లో ఒక ఎకరం కౌలు ఎన్నేళ్లు కడితే తీరుద్దో మీరే లెక్కేసుకోండి.

దానికి మూడేళ్ల ముందు, 2011 ఏప్రిల్ 29న, లండన్లో రాణిగారి మనవడి పెళ్లి. రాణిగారి మనవరాలు బియాట్రిస్ ఒక టోపీ పెట్టుకొచ్చింది. టోపీ అనాలో ఉట్టి అనాలో నాకు తెలియలా. నుదుటి మీద నిలబెట్టిన పెద్ద రిబ్బను ముడి. తలకి నీడ లేదు, చెవికి నీడ లేదు. లోకమంతా వెక్కిరించింది. ఆ అమ్మాయి తెలివైంది, సిగ్గుపడి దాచుకోకుండా వేలం పెట్టింది. 81,100 పౌండ్లు వచ్చినయ్, పిల్లల సాయానికి ఇచ్చేసింది. నెత్తిన ఉన్నప్పుడు చేయని పని, నెత్తి దిగినాక చేసింది ఆ టోపీ.

ఇంకొకటి మొన్నటిదే. 2025 జనవరి 20న ట్రంపు ప్రమాణ స్వీకారం. బయట చలి ఎక్కువగా ఉందని కార్యక్రమాన్ని భవనం లోపలికి మార్చారు. ఆయన భార్య మెలానియా కళ్లు కనపడకుండా వెడల్పాటి అంచు టోపీ పెట్టుకొచ్చింది. పాపం ఆయన ముద్దు పెడదామని వంగితే అంచు అడ్డమొచ్చి ముద్దు గాల్లో ఆగింది. లోకమంతా చూసి నవ్వుకొంది. నాకు మాత్రం నవ్వు కన్నా కడుపుమంట ఎక్కువొచ్చింది. ఎందుకంటే ఆ అంచు అసలైన అంచు. మొహానికి, చెవులకి, మెడకి నీడనిచ్చే వెడల్పు. మా కల్లంలో ఉండాల్సిన వెడల్పు. అది పైకప్పు కింద ఉంది. పైకప్పు లేని మా పిల్లాడి నెత్తిన బెత్తెడు అంచు, అదీ వెనక్కి.

"పరాయి దేశం వాళ్లని అంటావు, మనోళ్లని అనవా" అంటారేమో. అంటా.

మద్రాసులో ఎం.జి.ఆర్. గారు పెద్ద మనిషి, జనం దేవుడిలాగా కొలిచారు. ఆ తెల్ల బొచ్చు టోపీ మాత్రం నా కంటికి ఎప్పుడూ ఆనలా. మద్రాసు ఉక్కపోతలో బొచ్చు టోపీ ఏందయ్యా? మంచుకొండల్లో పెట్టుకోవాల్సింది. జనానికి ఆయన మీదున్న ప్రేమ టోపీ మీదికి కూడా పాకింది గానీ, టోపీ వల్ల ఆయనకి అందం రాలేదు, ఆయన వల్ల టోపీకి వచ్చింది.

మన కృష్ణగారి దగ్గర మాత్రం నేను ఓడిపోతా. 1971లో "మోసగాళ్లకు మోసగాడు" వచ్చింది. గుర్రాలు, తుపాకులు, కౌబాయ్ టోపీ. నా చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో చూసి, తిరనాళ్లలో అట్ట టోపీ కొని, దున్నపోతు మీదెక్కి ఊరంతా తిరిగా. ఒక వానకి అట్ట నాని మొహం మీద పడింది. కాబట్టి పిల్లల్ని తిట్టే హక్కు నాకు పూర్తిగా లేదు, ఒప్పుకుంటున్నా. కానీ ఆ సినిమా రాజస్థాన్ ఎడార్లో తీశారు. ఎండ ఉంది, దుమ్ముంది, గుర్రం ఉంది. టోపీ దాని చోట అది ఉంది. అందుకే బాగుంది. అసలు ఆ టోపీ పుట్టిందే గొడ్ల కాపర్ల కోసం. 1865లో అమెరికాలో స్టెట్సన్ అనే ఆయన చేశాడు. చుట్టూ వెడల్పు అంచు, పైన గాలి నిలవడానికి ఎత్తు. ఎండకీ వానకీ ఆగుద్ది. అంటే కౌబాయ్ టోపీ మన అన్నదమ్ముడే, పశువుల కాపరిది. పెళ్లి రిసెప్షన్లో సూటు మీద పెట్టుకొనే కొత్త పెళ్లికొడుకుది కాదు.

ఇంక అసలు విషయానికొస్తా. నాకు ఒళ్లు మండేది పరాయి టోపీలు చూసి కాదు. మన తలపాగా నాటకానికి పోయినందుకు.

సినిమాలో హీరో రైతయితే చూడండి. తలకి కొత్త తువ్వాలు. ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు. నుదుటి మీద వెంట్రుకలు కనపడాలని తువ్వాలుని పైకి లేపి కడతారు, పెళ్లికూతురి పాపిడిబొట్టులాగా. ఒకడు దాన్ని తాడులాగా మెలేసి నుదుటికి బిగిస్తాడు, నడినెత్తి మొత్తం ఎండకి వదిలేసి. ఎండ పడేది నడినెత్తి మీద కదయ్యా! నుదురు మాత్రం దేనికి కట్టావు, తలనొప్పా? చెమట లేదు, మరక లేదు. పురుగుమందు కొట్టే సీనులో కూడా తుండు మల్లెపువ్వులాగా ఉంటది. మన తుండు ఒక్క పూట చేలో తిరిగితే ఏ రంగో మనకే గుర్తుపట్టరాదు.

నాయకులు ఇంకో రకం. ఏరువాక అంటే చాలు, ఆకుపచ్చ తలపాగా కట్టుకొని అరక పట్టుకొంటారు. అది నెత్తిమీద నిలబడదు, ఒకడు వెనక నిలబడి పట్టుకోవాలి. నాలుగు అడుగులు దున్ని, ఫొటో దిగి, తలపాగా తీసి పక్కోడి చేతికిచ్చి కారెక్కుతారు. ఇందులో ఈ పార్టీ ఆ పార్టీ అని లేదు. ఆ తలపాగా పట్టుకొని నిలబడ్డ పక్కోడు ఎవడో కాదు, మనమే. కట్టిందీ మనమే. సభలో వేదికెక్కి పోటీపడి మరీ కడతాం. తలపాగా చుట్టలేక తల వంకరన్నాడంట వెనకటికొకడు. ఇక్కడ తల బానే ఉంది, చుట్టే మన చేతులే వంకర.

ఒకప్పుడు పెద్ద మనుషులు తలపాగా ఎట్లా కట్టారో చూడండి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి బొమ్మ చూశారా? మైసూరు పేటా. కృష్ణరాజసాగరం కట్టినప్పుడూ అదే, పెద్ద పదవిలో కూర్చున్నా అదే. 1908లో మూసీ వరదకి హైదరాబాదు కొట్టుకుపోతే, మళ్లీ అట్లా జరక్కుండా జలాశయాలకి దారి చూపించిన మనిషి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తెల్ల తలపాగాతోనే దేశదేశాలు తిరిగొచ్చారు, రాష్ట్రపతి అయినా దాన్ని దించలా. వాళ్లకి అది వేషం కాదు, రోజూ కట్టుకొనేది. రోజూ కట్టుకొన్నది ఎవరికైనా నప్పుద్ది.

గాంధీగారి సంగతి ఇంకా వింత. ఆయన పేరుతో టోపీ ఉంది, దేశమంతా పెట్టుకొంది, ఆయన బొమ్మల్లో మాత్రం పెద్దగా కనపడదు, గమనించారా? 1921 సెప్టెంబరులో మదురైలో ఆయన టోపీ, చొక్కా వదిలేసి కొల్లాయి గుడ్డకి వచ్చేశాడు. ఒంటినిండా బట్టలేని పేదోళ్ల మధ్య తాను నిండా కట్టుకొని తిరగలేక. రైతు వేషం ఫొటో కోసం వేసుకోలా ఆయన, చచ్చేదాకా మళ్లీ విప్పలా. అదీ తేడా.

తలగుడ్డ అంటే ఒట్టి గుడ్డ కాదన్నా. మా తాత చెప్పేవాడు. ఆయన కుర్రతనంలో పెద్ద కామందు ఎదురొస్తే కూలీనాలీ చేసుకొనేవాళ్లు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాలి, చెప్పులు చేత్తో పట్టుకోవాలి. ఎండైనా సరే, వానైనా సరే, నెత్తిన గుడ్డతో ఆయన అరుగు ముందునుంచి పోకూడదు. నైజాములో దొరల గడీల ముందు ఇంకా ఘోరం. ఆ గుడ్డ నెత్తినే ఉంచుకొని తలెత్తి నడవటానికి మన పెద్దోళ్లకి, అందులోనూ కింది కులాలోళ్లకి, ఎన్ని దెబ్బలు తగిలినయ్యో. పంజాబులో 1907లో తెల్లోడు భూముల మీద చట్టం తెచ్చి, నీటి పన్ను పెంచితే, అక్కడి రైతులు తిరగబడ్డారు. భగత్‌సింగ్ చిన్నాయన అజిత్‌సింగ్ ముందు నిలబడ్డాడు. ఆ ఉద్యమానికి పేరేందో తెలుసా? "పగడీ సంభాల్ జట్టా". అంటే, ఓ రైతూ, నీ తలపాగా కాపాడుకో అని. తెల్లోడు ఆ భూముల చట్టాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ పొలిమేరల్లో కూర్చున్న రైతులు మళ్లీ అదే పేరుతో ఒక రోజు జరుపుకొన్నారు. చూశారా, వాళ్లకి భూమీ తలపాగా ఒకటే. అట్లాంటిదాన్ని మన పిల్లాడు "ముసలోడిలాగా ఉంటా" అన్నాడు. ఆ మాట వాడిది కాదు. తెరమీద చూసి నేర్చుకొన్నది. తెరమీద తలగుడ్డ కట్టేది ఎవడు? హీరో అయితే ఒక్క పాటకి. మిగతా సినిమా అంతా జీతగాడు, పాలేరు, తన్నులు తినేవాడు, నవ్వులాటగాడు. కుర్రోడు తాను ఎవడిలాగా కనపడాలనుకొంటాడు?

ఆడోళ్ల మాట చెప్పకపోతే ఈ పోస్టు సగమే. మిరపకోతకి వచ్చే మా అక్కల్ని చూడండి. చీరమీద మొగుడి పాత ఫుల్‌చేతుల చొక్కా, నెత్తిన తువ్వాలు ముక్కుదాకా లాగి, దానిమీద కొంగు. ఘాటుకి, ఎండకి, ఆకు గీతలకి అదే కవచం. ఎవరూ నేర్పలా, ఏ కంపెనీ ఇవ్వలా. సదస్సులో టోపీలు కూడా మగోళ్లకే ఇస్తారు, చేలో ఎక్కువ సేపు ఉండేది ఆడోళ్లయినా. మరి సినిమాలో పల్లెటూరి హీరోయిన్ చేలోకి ఎట్లా వస్తది? బోడి నెత్తి, జడలో బంతిపూలు, లంగాఓణీ, మొహం మీద వెలుతురు. మిట్టమధ్యాన్నం పత్తి చేలో ఒక్క గంట అట్లా నిలబడి చూడమనండి. మా అక్కల వేషం అందంగా లేదని ఎవరన్నా అంటే, వాళ్ల కళ్లు ఇంకా ఎండ చూడలేదని అర్థం.

టీవీలో 44 డిగ్రీలు అంటాడు. ఆ లెక్క నీడలో పెట్టిన యంత్రంది. నాలుగు పక్కలా గాలి ఆడే తెల్ల పెట్టెలో పెట్టి కొలుస్తారు. మనం ఉండేది పెట్టెలో కాదు. 2015 మే నెల గుర్తుందిగా? ఆ వడగాడ్పులకి దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది మన ఆంధ్రా, తెలంగాణ వాళ్లే. పోయిన వాళ్లలో కూలీలు, ముసలోళ్లు ఎక్కువ. ఏసీ హాల్లో టోపీ పెట్టుకొన్న వాళ్లెవరూ ఆ లెక్కలో లేరు.

ఆస్ట్రేలియా వాళ్లని చూసి నేర్చుకోవాలి. అక్కడ ఎండకి చర్మం క్యాన్సరు ఎక్కువ. 1981లో అక్కడి క్యాన్సరు సంఘం వాళ్లు ప్రచారం మొదలుపెట్టారు. చొక్కా వేసుకో, మందు రాసుకో, టోపీ పెట్టుకో అని. బళ్లలో చాలాచోట్ల టోపీ లేని పిల్లోణ్ణి ఆటకి పోనివ్వరు. అదీ వెడల్పు అంచు టోపీ. మెడా చెవులూ కప్పదని ఆ బేస్‌బాల్ టోపీని అక్కడి బళ్లు ఒప్పుకోవు. మనకి అంత దూరం కూడా అక్కర్లేదు. వియత్నాం నాట్లలో ఆడోళ్లు పెట్టుకొనే ఆకు టోపీ చూడండి, శంఖంలాగా ఉంటది, ఎండకి గొడుగు, వానకి కప్పు. మన ఉత్తరాంధ్ర వాళ్లకి తాటాకు గిడుగు ఉండేది. తెలంగాణ వాళ్లకి గొంగడి. వాన పడితే యూరియా సంచి ఒక మూలని రెండో మూలలోకి తోసి ముసుగేసుకోవడం మనందరికీ వచ్చు. ఆ సంచి ముసుగు ముందు పాతిక లక్షల టోపీ దిగదుడుపు. అది పని చేసుద్ది కాబట్టి.

ఇప్పుడు మీరనబోయే మాటలు నాకు తెలుసు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు, ఎవడి నెత్తి వాడిష్టం" అంటారు. నిజమే, వాడి నెత్తి వాడిష్టం. కానీ హీరో నెత్తిన ఉన్నది మన పిల్లోడి నెత్తికి వస్తది. వచ్చేది టోపీ ఒక్కటే. ఆయన ఏసీ రాదు, ఆయన గొడుగు పట్టే మనిషి రాడు. షూటింగులో షాటు అయిపోగానే ఆయన నెత్తిన గొడుగు పట్టేవాడు ఒకడుంటాడు. మన పిల్లోడికి ఎవడు పడతాడు?

"గిట్టుబాటు ధర లేక చస్తంటే టోపీల గోలేంది" అంటారు. అన్నా, ధర అడగాలన్నా మనిషి బతికుండాలి కదా. పైగా ఇది కూడా ఆ గోలలో భాగమే. మన పంట విలువ మనకి తెలియకుండా చేసినట్టే, మన తుండు విలువ కూడా తెలియకుండా చేశారు. రైతంటే నామోషీ అని పిల్లోడికి ఎక్కించేది ముందు నెత్తిమీదనుంచే.

"తుండు మాత్రం గొప్పదా, మొహానికి నీడ ఇవ్వదుగా" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. ఇవ్వదు. తడిపి కడితే నెత్తి చల్లగా ఉంటది, కొస వెనక్కి వదిలితే మెడకి కాపు. మొహానికి, కళ్లకి అంచు ఉంటేనే మేలు. తడి తుండు కట్టి దానిమీద వెడల్పు అంచు ఉన్న ఆకు టోపీ పెట్టుకొంటే అంతకు మించింది లేదు. నేను టోపీకి వ్యతిరేకం కాదు. పనికిరాని టోపీకి వ్యతిరేకం.

కాబట్టి నేను అడిగేది ఇది.

కంపెనీల వాళ్లకి: మా ఊరొస్తే నల్ల టోపీ తేకండి. రెండు గజాల తెల్ల నూలు తువ్వాలు తెండి. మీ మందు పేరు దాని అంచున వేసుకోండి, మాకు అభ్యంతరం లేదు. ఆడోళ్లకి కూడా ఇవ్వండి. లేదంటే మీ టోపీ మీరే పెట్టుకొని మా కల్లంలో ఒక మధ్యాన్నం నిలబడండి. మా ఊళ్లో మేం నలభైమందిమి అనుకొన్నాం, ఇకమీదట నల్ల టోపీ ఇస్తే తిరిగిచ్చేస్తాం. బిర్యానీ కూడా మాకొద్దు.

సినిమా వాళ్లకి: రైతు వేషం వేసే ముందు ఏ ఊరికైనా రండి. తలగుడ్డ కట్టడం మేం నేర్పుతాం, పైసా తీసుకోం. ఒక రోజు అదే గుడ్డతో చెమట తుడుచుకొని, అందులోనే సద్ది మూట కట్టుకొని, దాన్నే చుట్టకుదురు చేసి నెత్తిన గంప పెట్టుకొని, పొద్దుగూకినాక దాన్నే పరుచుకొని పడుకోండి. మర్నాడు అదే గుడ్డతో కెమెరా ముందుకు రండి. అప్పుడు మీ నెత్తిన బాగుంటది.

మన వాళ్లకి: వేదికెక్కి ఎవరికీ తలపాగా కట్టొద్దు. నెత్తికి కట్టే ముందు నోటితో అడుగుదాం. మా పంట కొంటావా, మా కౌలు రైతుకి కార్డు ఇస్తావా అని. జవాబు వచ్చినాక, అది నిజమని తేలినాక, కడదాం. అప్పటిదాకా ఆ రెండు గజాల గుడ్డ మన నెత్తికే చాలదు.

పిల్లలకి: నాన్నా, హీరోని చూడండి, ఈలెయ్యండి, మేం కూడా వేశాం. కానీ చేలోకి వచ్చేప్పుడు ఆ టోపీ గుంజకి తగిలించి రండి. పన్నెండు నుంచి మూడు దాకా నీడపట్టున ఉండండి. దాహం వేయకముందే నీళ్లు తాగండి. ఎవరైనా చెమట ఆగి తికమకగా మాట్లాడితే నీడకి చేర్చి, తడిగుడ్డలు వేసి, గాలి విసిరి, వెంటనే ఆస్పత్రికి తీసకపోండి. స్పృహలో లేకపోతే నోట్లో నీళ్లు పొయ్యొద్దు.

మా అన్న కొడుకు ఇప్పుడు బాగున్నాడు. మొన్న చేలో కలిశాడు. నెత్తిన తడి తుండు, కొస మెడ మీదికి వదిలాడు. కట్టు ఇంకా సరిగ్గా రాలేదు, ఒక పక్కకి జారుతంది. "బాబాయ్, ఫొటో తియ్యి" అన్నాడు. తీశా. ఎండకి కళ్లు చికిలించాడు, మొహం నిండా చెమట. మా కంటికి ఇప్పుడు వాడే హీరో. వాడి ఫోన్లో పాత బొమ్మ ఇంకా ఉందో లేదో నేను అడగలా.

మీ ఊళ్లో తలగుడ్డ ఎట్లా కడతారో, దాన్నేమంటారో రాయండి. రుమాలంటారా, పాగా అంటారా, తువ్వాలంటారా. వీలైతే మీ నాన్న కట్టుకొన్న ఫొటో పెట్టండి. కొత్త తువ్వాలుతో మాత్రం వద్దు. మాసినదే కావాలి.

ఉంటా మరి. కల్లంలో పని ఉంది.